తలకిందులు కాని చినుకు

ఫోటోలో జోరువాన. పైన మూడు, కింద మూడు అద్దాలున్న పాతకాలపు కిటికీ. అద్దాల నిండా చినుకులు. అవతల పొగమంచులో సగం మునిగిన తేయాకు కొండలు. ఇవతల చేతిలో కాఫీ కప్పుతో, పక్కకి తిరిగి కూర్చున్న హిమజ.

డిటెక్టివ్ మనోజ్ఞ ఆ ఫోటోని హిమజ సొంత కుర్చీలోనే కూర్చుని, హిమజ పనిచేసే పెద్ద మానిటర్ మీద చూస్తోంది. పక్కన స్టూలు మీద హిమజ తల్లి శకుంతలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఇది ఎప్పుడొచ్చిందమ్మా?" అడిగింది మనోజ్ఞ.

"శనివారం మాపటిపూట వచ్చింది మేడం. గా ముందటి రోజు పొద్దుగాల ఆఫీసుకని పోయిన పిల్ల మల్ల ఇంటికి రాలె. ఫోన్ జేస్తె బంద్ అని వస్తున్నది. గీ ఫోటో వచ్చింది, కింద 'మున్నార్‌ల ఉన్న, మంచిగున్న, ఫికర్ చెయ్యకు' అని రాసింది. గంతే."

"ఫోటో మామూలుగానే వచ్చిందా?"

"లేదు మేడం. కాయితం బొమ్మ లెక్క వచ్చింది. తెరువనీకె నాకు చేతకాలె. పక్కింటి పిల్లతోని తెరిపిచ్చిన."

మనోజ్ఞ తల పంకించింది. మామూలు ఫోటోలా పంపితే ఫోన్ దాన్ని కుదించేస్తుంది, చిన్న చిన్న వివరాలు చెరిగిపోతాయి. ఫైలుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. కూతురు తల్లికి క్షేమ సమాచారం పంపుతూ అంత జాగ్రత్త ఎందుకు తీసుకుంది?

ఫిల్మ్‌నగర్‌లోని ఈ గ్రాఫిక్స్ స్టూడియోలో హిమజ పని సినిమాలకి వాతావరణం తయారుచెయ్యడం. మండుటెండలో తీసిన షాట్‌కి మబ్బు పట్టిస్తుంది. పొడి అద్దాల మీద వాన జారుస్తుంది. గత శుక్రవారం, ఇంకా విడుదల కాని ఓ పెద్ద సినిమా ఇంటర్నెట్‌లోకి పొక్కింది. అది హిమజ లాగిన్ నుంచే బయటికి పోయిందని స్టూడియో సెక్యూరిటీ చూసే సాయిశ్రీనివాస్ తేల్చాడు. అదే రోజు ఆమె మాయమైంది. దొంగతనం చేసి మున్నార్ పారిపోయిందని అందరూ నమ్మేశారు, యూసుఫ్‌గూడలో ఉండే ఈ తల్లి తప్ప. మనోజ్ఞని పెట్టుకున్నది ఆవిడే.

"నా బిడ్డ దొంగ గాదు మేడం," అంది శకుంతలమ్మ మెల్లగా. "గంత దూరం పోయి కొండలు జూసుకుంట కూసునే పిల్ల గూడ గాదు. కడుపుల ఏందో పెట్టుకున్నది. నాకు చెప్పలె."

పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు గొంతు సవరించుకున్నాడు. పేరు బాబీ. పాలకొల్లు నుంచి వచ్చి హిమజతో కలిసి ఈ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాడు.

"ఈ ఫోటో మీరు చూశారా?" మనోజ్ఞ అతని వైపు తిరిగింది.

"చూశానండి. సాయిశ్రీనివాస్‌గారు నాకే ముందు చూపించారు. ఒరిజినలేనండి. గ్రాఫిక్స్ ఏం లేవు."

జవాబు అడగకముందే వచ్చేసింది. మనోజ్ఞ దాన్ని మనసులో ఓ పక్కన పెట్టుకుంది.

"సరే. ఇలాంటి వానని మీరే తయారుచెయ్యాల్సి వస్తే ఎలా చేస్తారు? నాకు బొత్తిగా తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

బాబీ ముఖంలో బిగువు సడలింది. చేసే పని మీద ఇష్టమున్నవాళ్ళు దాని గురించి అడిగితే ఆగలేరు.

"అదో పెద్ద వంటండి. ముందు కిటికీ బయట ఉన్నదాన్ని మసక చెయ్యాలి. రంగులు చంపెయ్యాలి. దూరంగా ఉన్నవి ఇంకాస్త తెల్లబారాలి. ఆ తర్వాత అద్దం మీద చెమ్మ. ఆ పైన చినుకులు. అన్నీ ఒకే సైజులో వేశామనుకోండి, అద్దానికి పొక్కులొచ్చినట్టుంటుంది. చిన్నవి ఎక్కడివక్కడే అంటుకుని ఉండాలి. పెద్దవి రెండు మూడు కలిసి, బరువెక్కి జారాలి. జారే దారి కూడా తిన్నగా ఉండకూడదు. తడిసి ఉన్న చోటు వెతుక్కుంటూ వంకర్లు పోవాలి."

"చినుకు లోపల ఏముంటుంది?"

బాబీ ఒక్క క్షణం ఆగాడు. "కిటికీ అవతల ఉన్నదంతా ఉంటుందండి. తలకిందులుగా. కొత్తగా చేరినవాళ్ళకి అది తెలీదు. చినుక్కి పైన తెలుపు, కింద నలుపు వేస్తారు. నిజం చినుక్కి వెలుగు కింద ఉంటుంది. ఆకాశం కిందకి పోతుంది కదండీ."

మనోజ్ఞ ఒట్టి మాట మీద ఏదీ నమ్మదు. పదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రమాదాల ఫోటోలు పరిశీలించిన అలవాటు అది. ఆమె లేచి హిమజ బల్లంతా ఓసారి చూసింది. కీబోర్డు పక్కన మొక్కలకి నీళ్ళు చల్లే స్ప్రే సీసా. దాని వెనక గ్లిజరిన్ సీసా. గోడకి ఆనించిన గాజు పలక, దాని మీద ఎండిన మరకలు.

"చినుకుల్ని తనే ఫోటోలు తీసుకుంటుందండి," అన్నాడు బాబీ. "ఉత్త నీళ్ళయితే ఆరిపోతాయి. అందుకని కాస్త గ్లిజరిన్ కలుపుతుంది."

మనోజ్ఞ స్ప్రే సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట మే నెల ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఎదురుగా నారింజ రంగు పూసిన ప్రొడక్షన్ ఆఫీసు, దాని మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. అద్దం మీద నీళ్ళు కొట్టింది. ఫోన్ కెమెరాని బాగా దగ్గరగా పట్టి ఒక చినుకు మీద నిలిపింది.

మినప్పప్పు గింజంత నీటిబొట్టులో నారింజ రంగు భవనం నిలబడి ఉంది, తలకిందులుగా. నీళ్ళ ట్యాంకు కిందికి వేలాడుతోంది. దాని కింద తెల్లటి ఆకాశం. పక్క చినుకులో కూడా అంతే. దాని పక్కదానిలోనూ అంతే. ఇన్నేళ్ళు ఎన్ని వానలు చూసింది, ఒక్కసారైనా ఇంత దగ్గరికి వెళ్ళి చూడలేదే అనుకుంది. శకుంతలమ్మని కూడా పిలిచి చూపించింది. ఆవిడ దిగులు మధ్యలోనే చిన్నగా నవ్వింది. "గిదేనా మేడం నా బిడ్డ దినాం జేసే పని?"

మనోజ్ఞ తిరిగొచ్చి ఫోటోలో చినుకుల్ని పెద్దవి చేసి చూసింది. కొండలు తలకిందులు. వెలుగు కింద. అంతా సరిగ్గానే ఉంది. వానలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

అయితే వానని వదిలేద్దాం అనుకుని హిమజ ముఖం చూసింది. ముక్కు పక్కన, చెంప మీద నీడ. గీత గీసినట్టున్న నీడ.

ఆమె నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది.

"పరిశోధన బాగా సాగుతోందా మనోజ్ఞగారూ?"

సాయిశ్రీనివాస్ పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయినవాడు. మీసానికి రంగు, షర్టుకి ఇస్త్రీ, మాటకి వెటకారం, ఏ రోజూ తగ్గనివ్వడు. స్టూడియోకి ఇద్దరు డిటెక్టివ్‌లు అనవసరమని పొద్దున గేటు దగ్గరే చెప్పి మనోజ్ఞని అరగంట నిలబెట్టాడు.

"మావాళ్ళు మున్నార్‌లో ఉన్నారు. హోటళ్ళు, హోమ్‌స్టేలు గాలిస్తున్నారు. రేపో ఎల్లుండో పట్టుకొస్తారు. మీరు ఇక్కడ అద్దాలు కడుగుతున్నారు."

"మీవాళ్ళని వెనక్కి పిలవండి," అంది మనోజ్ఞ. "టిక్కెట్లు దండగ."

"ఎందుకని?"

"ఆవిడ మున్నార్ వెళ్ళలేదు."

"ఫోటో చూశారు కదా."

"చూశాను కాబట్టే చెబుతున్నాను. మబ్బు పట్టిన రోజు మీ నీడ ఎప్పుడైనా చూసుకున్నారా సాయిశ్రీనివాస్‌గారూ?"

ఆమె మానిటర్‌ని ఆయన వైపు తిప్పింది.

"ఉండదు. ఉన్నా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీనంత మెత్తగా ఉంటుంది. ఇదిగో, ఈ అమ్మాయి ముక్కు నీడ చూడండి. కత్తితో కోసినట్టుంది. ఇది నడినెత్తి నుంచి కాస్త వాలిన ఎండ. ముఖం మీద ఎండ కాస్తుంటే కిటికీలో జోరువాన ఎలా కురుస్తుంది? ఈ అమ్మాయి ఎండలో ఫోటో తీసుకుంది. కొండలు, మంచు, వాన, అన్నీ తర్వాత చేర్చింది. ఇది ఆవిడ వృత్తే కదా."

బాబీ తల వంచుకుని కీబోర్డు వైపు చూస్తున్నాడు. శకుంతలమ్మకి సగమే అర్థమైంది. "అంటే నా బిడ్డ గీడనే ఉన్నదా?" అంది.

"ఉండే అవకాశమే ఎక్కువమ్మా," అంది మనోజ్ఞ. గెలిచిన సంతోషం ఆమె గొంతులో దాగలేదు.

సాయిశ్రీనివాస్ ఎదురు వాదిస్తాడనుకుంది. వాదించలేదు. ఫోటోకేసి కాసేపు చూసి, "ఊళ్ళోనే ఉందన్నమాట," అన్నాడు నింపాదిగా. జేబులోంచి ఫోన్ తీసి, "మీరు వచ్చెయ్యండి. అక్కడ పనిలేదు," అని పెట్టేశాడు. తర్వాత శకుంతలమ్మ వైపు తిరిగాడు. ఇంతసేపూ లేని మర్యాద ఆయన గొంతులోకి వచ్చింది.

"ఎండలో ఏం వెళతారమ్మా. నేను యూసుఫ్‌గూడ మీదుగానే పోతున్నాను. ఇంటి దగ్గర దింపుతాను రండి."

శకుంతలమ్మ మనోజ్ఞ వైపు చూసింది. బాబీని ఒంటరిగా గట్టిగా నిలదీయాలని ఉంది మనోజ్ఞకి. తల్లి ఎదురుగా ఉంటే అతను నోరు విప్పడు.

"వెళ్ళండమ్మా. సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను," అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక తలుపు వేసి వచ్చి బాబీ ఎదురుగా కూర్చుంది.

"నీడ సంగతి నాకే తట్టింది. నీకు తట్టలేదా?"

బాబీ మౌస్‌ని పక్కకి జరిపాడు.

"వానలు తయారుచేసేవాడివి. ఈ ఫోటో చూడగానే దొంగ ఫోటో అని తెలిసిపోతుంది నీకు. ఒరిజినలని ఎందుకు చెప్పావు?"

"మీరెందుకు చెప్పారండీ ఆయనకి?" అన్నాడు బాబీ. కోపం లేదు ఆ గొంతులో. భయముంది. "వాళ్ళు మున్నార్‌లో తిరుగుతున్నంతకాలం తను క్షేమంగా ఉండేది."

మనోజ్ఞ తలుపు వైపు చూసింది. ఫోటో అబద్ధమని కనిపెట్టింది కానీ, ఆ అబద్ధం ఎవరి కోసం తయారైందో ఆలోచించలేదు. ఈ వాన హిమజ కట్టుకున్న గోడ. దాన్ని తను నవ్వుతూ పడగొట్టింది.

"ఎక్కడుంది?"

బాబీ కుర్చీని పక్కకి తిప్పుకున్నాడు.

మనోజ్ఞ ఇక అడగలేదు. బతిమాలితే ఇతను ఇంకా ముడుచుకుపోతాడు. మానిటర్ వైపు తిరిగి ఫోటోని ఇంకా పెద్దది చేసింది. ఫైలుగా ఎందుకు పంపిందన్న ప్రశ్న ఇంకా తెగలేదు. ఇంత వివరం తల్లి కళ్ళకి అక్కర్లేదు. ఇంకెవరి కళ్ళకో కావాలి. పై వరసలో ఎడమ అద్దం దగ్గర మొదలుపెట్టి ఒక్కో చినుకే చూసుకుంటూ వెళ్ళింది. తలకిందులు, తలకిందులు, అన్నీ తలకిందులు. పై వరస అయిపోయింది. కింద ఎడమది అయిపోయింది. కింద మధ్య అద్దంలో, చట్రం మూలకి దగ్గరగా ఉన్న ఓ చినుకు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

ఆ చినుకులో కొండ నిటారుగా నిలబడి ఉంది. వెలుగు పైన ఉంది.

"కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు అన్నావు," అంది మెల్లగా. "ఇన్ని వందల చినుకులు సరిగ్గా వేసిన మనిషి ఒక్కదానిలో ఎందుకు తప్పింది?"

బాబీ కుర్చీ వెనక్కి వాలాడు. కనిపెట్టేసిన మనిషి దగ్గర దాచి లాభం లేదనుకున్నాడేమో, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"పొక్కిపోయిన సినిమాలో ఇలాంటి కిటికీ సీనే ఉందండి. ఇవే ఆరు అద్దాలు. ఆ వాన హిమజే చేసింది. విడుదలకి ముందు చూసేవాళ్ళ కోసం సినిమా కాపీలు ఆరు తీశారు. ఒక్కో కాపీలో ఒక్కో అద్దంలో ఒక చినుకుని నిటారుగా పెట్టింది. చూసేవాళ్ళకి తెలీదు. కాపీ బయటికి పోతే మాత్రం ఏ కాపీయో తెలిసిపోతుంది. ఇది తనకీ, నాకూ, మా బాస్ సూర్యప్రకాశరావుగారికీ తప్ప ఎవరికీ తెలీదండి."

"ఇంటర్నెట్‌లోకి వచ్చిన కాపీలో..."

"కింద మధ్య అద్దమండి. శుక్రవారం పొద్దున్నే చూసింది. ఆ పూటే నేరం తన మీద పడింది. తనకేమైనా అయితే రుజువు వాళ్ళమ్మ దగ్గరైనా ఉండాలని ఈ ఫోటోలో కూడా ఆ చినుకే పెట్టింది. గబగబా చేసింది. ముఖం మీద ఎండ తీసే టైం లేకపోయింది."

"మరి రావుగారికే చెప్పొచ్చుగా?"

"ఏ కాపీ ఎవరికిచ్చారో ఆయనకొక్కరికే తెలుసండి. కింద మధ్య అద్దం ఆయనదే అయితే?"

మనోజ్ఞ లేచింది. "పద."

సూర్యప్రకాశరావు గది పై అంతస్తులో ఉంది. అరవై దాటిన మనిషి, కళ్ళ కింద నిద్రలేని నలుపు. సినిమా పొక్కిపోయిన రోజు నుంచి ఇంటి మొహం చూడలేదని సోఫా మీద దిండే చెబుతోంది. మనోజ్ఞ నిలబడే అడిగింది.

"రావుగారూ, కిటికీ సీనులో చినుకుల గుర్తు సంగతి నాకు తెలుసు. ఏ అద్దం బయటపడిందో కూడా తెలుసు. అది మీకు చెప్పను. ముందు ఆరు అద్దాలూ ఎవరెవరివో మీ నోటితో చెప్పండి."

ఆయన బాబీ వైపు చూశాడు. తర్వాత మనోజ్ఞ వైపు. ఆరూ ఒకేసారి చెప్పించుకుంటే, ఏ ఒక్కటి మార్చి చెప్పినా మిగతావాళ్ళ కాపీలతో పోల్చి పట్టుకోవచ్చు. ఆమె ఎందుకలా అడిగిందో ఆయనకి అర్థమైంది. నవ్వబోయి మానుకున్నాడు.

"దొంగ నేనేమోనని చూస్తున్నారా? అడగండమ్మా, తప్పులేదు. కానీ ఆ పరీక్ష అయిపోయింది. పొక్కిన కాపీ మరీ మసకగా ఉందిట, చినుకులు కనబడడం లేదుట."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఉండండి, మీరడిగింది చెప్పనివ్వండి. పైన ఎడమది నాది. మధ్యది డైరెక్టర్‌ది. కుడిది మా హీరోగారిది. కింద ఎడమది ఎడిటర్‌కిచ్చాను. కింద మధ్యది సెక్యూరిటీ కోసమని సాయిశ్రీనివాస్ తీసుకున్నాడు. కుడిది..."

కుడిది ఎవరిదో మనోజ్ఞ వినలేదు.

"చినుకుల సంగతి ఆయనకి చెప్పారా?" అంది మనోజ్ఞ.

"చెప్పకపోతే ఎలా? పోల్చి చూడమన్నది ఆయన్నే. శుక్రవారం పొద్దున్నే చెప్పాను. కాపీ మసకగా ఉంది, చినుకులు కనబడవు, ఎలాగూ ఆ అమ్మాయి లాగిన్ దొరికింది కదా అన్నాడు." రావు మాట అక్కడితో ఆగిపోయింది. ఏం చెప్పాడో తనకే వినబడింది.

మనోజ్ఞ అప్పటికే శకుంతలమ్మ నంబరు నొక్కింది. రింగవుతోంది. ఎత్తరేమోననుకుంది. ఎత్తారు.

"ఆ, చెప్పు మేడం." శకుంతలమ్మ గొంతు హుషారుగా ఉంది. "సారు శానా మంచోడు. నీ బిడ్డ ఏ కష్టంల ఉన్నదో నాకు తెలుసు, నేను దేవులాడి పట్టుకొస్త అంటున్నడు. ఇంటికి గాకుండ వేరే దిక్కు శానా దూరం..."

"ఇలా ఇవ్వండమ్మా." సాయిశ్రీనివాస్ గొంతు. కారు తలుపులకి తాళం పడిన చప్పుడు. "మనోజ్ఞగారూ, ఆ పాలకొల్లు కుర్రాడు ఇంతసేపటికి మీకు అన్నీ చెప్పే ఉంటాడు. నాకు ఒక్కటి చాలు. ఆ అమ్మాయి ఎక్కడుంది? పెద్దావిడకి షుగరట. మాత్ర వేసుకునే టైం దాటిందంటున్నారు. తొందరగా చెబితే తొందరగా ఇంటికి పంపిస్తాను."

మనోజ్ఞ ఫోన్‌ని అరచేత్తో మూసి బాబీ వైపు చూసింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "మోతీనగర్‌లోనండి," అన్నాడు వినీ వినబడనట్టు. "మా పిన్ని అనసూయమ్మగారింట్లో."

రావు బల్ల మీది ఫోన్ అందుకున్నాడు. పోలీసులకి చెయ్యమని మనోజ్ఞ సైగ చేసింది. అరచెయ్యి తీసి, ఓడిపోయిన మనిషిలా గొంతు తగ్గించింది.

"చెబుతాను. ఆవిడకి ముందు ఏదైనా తినిపించండి. అడ్రసు విన్నాక నేను చెప్పానని ఎవరికీ అనొద్దు."

"చెప్పండి."

"మధురానగర్. మెట్రో స్టేషన్ వెనక రెండో వీధి, మందుల షాపు మీద అంతస్తు. తలుపు మీద ఏ బోర్డూ ఉండదు. వాళ్ళమ్మ గొంతు వినబడితేనే తలుపు తీస్తుంది. అందుకని ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళాల్సిందే."

సాయిశ్రీనివాస్ అడ్రసు మళ్ళీ ఓసారి చెప్పించుకున్నాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

బాబీ అయోమయంగా చూశాడు. "మధురానగర్‌లో ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరు. అది నా ఆఫీసు. రావుగారూ, పోలీసుల్ని అక్కడికే రమ్మనండి." మనోజ్ఞ బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు వైపు నడిచింది. "నీ బండి తియ్యి. ఆయన కన్నా ముందు మనం తలుపు వెనక ఉండాలి."